మేలైన గింజలు

ఉద్యోగం కొత్తలో నేను ఒంటరితనాన్ని క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి, ఒక ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చున్న రోజులవి. సాయంత్రం గదికి చేరాక డైరీతో తప్ప ఎవరితోనూ మాట ఉండేది కాదు (ఊరినిండా తెలుగువాళ్లే, పలకరించడం నాకు చేతకాదు). నన్ను రోజూ పలకరించిన మనిషి ఒక్కరే, ల్యాబు బయట బెంచీమీద కూర్చునే కాఫీపొడి అంగడి అమ్మ. పెళ్లి కావలసిన ఆమె కూతురికి అండాశయంలో గడ్డ వచ్చింది. ఒకవైపు తీసి పరీక్షకు మాకు పంపారు.

"ఏమప్పా, తెలిసిందా?"

"ఇంకా లేదమ్మా."

"పోనీలే, నువ్వు తిన్నావా? ముఖం వాడిపోయి ఉండాది."

మా పెద్ద డాక్టరును దొడ్డసార్ అనేవాళ్లం. చిన్నవాళ్లు చూసి చెప్పేదాకా ఆయన స్లైడు ముట్టుకోరు. "కణాల్లో కేంద్రకాలు చూడు. కాఫీ గింజలా గాటు ఉంటే, అది అండం చుట్టూ ఉండే కణాల్లోంచి పుట్టే అరుదైన గడ్డ. తీసింది చాలు. కాదంటే రెండోవైపూ తీయాలి, ఆ అమ్మాయికి ఇక బిడ్డలుండరు" అన్నారు. నేను గంభీరంగా తలూపాను. మా ఇంటికి కాఫీ ఎప్పుడూ పొడిగానే వచ్చేది. గింజ మొహం నేనెరగను.

సిగ్గు విడిచి ఆ అమ్మనే అడిగాను, ఎందుకో చెప్పకుండా. మర్నాడు పొట్లం తెచ్చింది. "మా అంగడిలో మేలైనవి ఇవేనప్పా." బఠాణీల్లా గుండ్రంగా ఉన్నాయి. వాటిని బల్లమీద పెట్టుకుని, గాటు మాట మరిచి, అలాంటి గుండ్రటి కేంద్రకాల కోసం పొద్దుగూకేదాకా వెతికాను. కనబడ్డవన్నీ కోలగానే ఉన్నాయి. "లేవు సార్" అన్నాను. దొడ్డసార్ స్లైడు వైపు చూడలేదు, పొట్లం వైపు చూశారు. "ఇవి పీబెర్రీ కదయ్యా, కాయలో ఒంటిగా పెరిగే గుండ్రటి గింజ. నేను చెప్పింది మామూలు గింజ. అది చూసి రా."

"ఆ మామూలువి ఎందుకప్పా? నీకు మంచివే ఇచ్చినా కదా" అని నొచ్చుకుంటూనే ఆమె అవీ తెచ్చింది. కోలగా, నడుమ పొడవునా గాటు. మళ్లీ మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. ఎటు చూసినా అవే. ఈసారి దొడ్డసార్ కూడా చూసి, "సరే, రాయి" అన్నారు.

రెండోవైపు తీయక్కర్లేదని చెబితే ఆ అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "తిన్నావా అప్పా?" అంది.

కొన్నాళ్లకు బెంచీ ఖాళీ అయింది. అది ఖాళీ కావాలనే కదా నేను అంతగా వెతికింది. అయినా వస్తూ పోతూ దానివైపే చూసేవాణ్ణి.

ఇప్పటికీ పొద్దున్నే గింజలు మరలో పోసేముందు ఒకటి తీసి గాటు చూస్తాను. "తెలిసిందమ్మా" అంటాను (వంటింట్లో నేనొక్కణ్ణే కనక నవ్వేవాళ్లు లేరు).