హారన్ అంకుల్ గారి ఎడమ స్పీకరు

ఆ రోజుల్లో, అంటే చదువు అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని రోజుల్లో, ఎవరు నవ్వుతూ పలకరించినా నాకు ఇంటర్వ్యూ పిలుపులాగే వినబడేది. మాస్టర్స్ పట్టా చేతికొచ్చింది గానీ వీసా గడువు కరిగిపోతోంది. అది పూర్తయ్యేలోగా ఉద్యోగం రాకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. ఉండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, అదీ కారు లేకుండా. (క్యారీలో కారు లేకుండా బతకడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. కొత్తిమీర కట్ట కావాలన్నా ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకోవాలి.) నేను పట్టుకున్న కాళ్ళు మా క్లాస్‌మేట్ ఒకడివి. వరంగల్ కుర్రాడు, మంచివాడు, నాలాగే ఉద్యోగం వేటలో ఉన్నవాడు, తలుపు ఒక పక్కే తెరుచుకునే పాత కారు ఉండేది. ఇక్కడ అతణ్ణి టార్చి బాబు అంటాను. ఎందుకన్నది మీకే తెలుస్తుంది.

తలా ఒక వంట చేసి తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో మాకు హారన్ అంకుల్ తగిలాడు. పెద్ద కంపెనీలో డైరెక్టరు. ఆయన ఒక్క మాటంటే చాలు, కుప్ప అడుగున పడి ఉన్న రెజ్యూమె పైకి తేలుతుందని కుర్రకారంతా చెప్పుకునేవాళ్ళు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం పాతకాలపు హారన్ స్పీకర్లు. ఎవరో ముసలి తెల్లదొర పాత సామాన్లు అమ్మేస్తూ పెట్టిన గరాజ్ సేల్‌లో కొన్నాడట, ఒక్కొక్కటీ బీరువా అంత. వాటిలో ఎడమదానికి గొంతు పోయింది. తబలా వస్తుంది, తాళాలు వస్తాయి, పాడే మనిషి మాత్రం రావడం లేదు. ఆ బాధ ఆయన పులిహోర తింటూ చెబుతుంటే మన బాబు ఊరుకోకుండా, "మా ఫ్రెండ్‌కి ఇవన్నీ వస్తయ్ అంకుల్, వాళ్ళ నాన్నది మైక్‌సెట్ షాపు" అని నన్ను చూపించాడు. అంకుల్ నన్ను చూశాడు, బాబుని చూశాడు. "అయితే సండే వచ్చెయ్ బాబూ! అమ్మాయిని కూడా తీసుకురా, మీ ఆంటీకి తోడుగా ఉంటుంది" అన్నాడు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. కానీ వెంటనే, "మా టీమ్‌లో ఒక పొజిషన్ ఓపెన్ అవుతోంది, ఈ పని అయ్యాక మాట్లాడదాం" అని కూడా అన్నాడు. ఇక నాకు ఆ ముక్క తప్ప ఇంకేదీ వినబడలేదు.

మా నాన్నకి తెనాలిలో మైక్‌సెట్ షాపు ఉన్నమాట నిజమే. హారన్ వెనక బిగించే యూనిట్ విప్పి లోపల అదిరే పొర, డయాఫ్రం, మార్చడం మా ఇంట్లో ఆవకాయ కలపడమంత మామూలు పని. అంకుల్ పెట్టె వెనక పలక విప్పగానే రోగం తెలిసిపోయింది. గొంతు పలికించే మధ్య యూనిట్ చచ్చిపోయింది. "ఏమైంది బాబూ?" అని అంకుల్ బాబుని అడిగాడు. బాబు నావైపు చూశాడు. నేను చెప్పాను. అంకుల్ బాబువైపు తిరిగి తల ఊపాడు. ఆ రోజు మొదలు అన్ని ఆదివారాలూ ఇదే వరస. ముగ్గురం మాట్లాడేది తెలుగే అయినా, మా మధ్య ఆ కుర్రాడు దుబాసీ అయిపోయాడు. అతను చేసిందల్లా ఫోన్ టార్చి వేసి పట్టుకోవడం. (అది కూడా తిన్నగా కాదు. సగం వెలుతురు ఎప్పుడూ గోడమీదే.)

అలాంటి యూనిటే మళ్ళీ దొరకలేదు, వేరే కంపెనీది పాతది తెప్పించాం. కుడిపక్కది కూడా మార్చేస్తే రెండూ జోడీ కుదురుతాయన్నాను. "బాగున్నదాన్ని ముట్టుకోవద్దు బాబూ" అన్నాడు అంకుల్, బాబుతో. కొత్తది పాతదానికన్నా గట్టిగా అరిచేది. అందుకని క్రాసోవర్ మీద పడ్డాను. క్రాసోవరంటే, పాటని వాటాలు వేసి బరువంతా పెద్ద స్పీకరుకీ, గొంతు మధ్యదానికీ, కిచకిచలు చిన్నదానికీ పంచిపెట్టే భాగం. ఉమ్మడి కుటుంబంలో అత్తగారి లాంటిది, ఆవిడ చెయ్యి తప్పితే ఇల్లంతా రచ్చే. ఎండిపోయిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. గొంతు వాటా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, కుడిపక్కతో సరిచూస్తూ, మళ్ళీ విప్పుతూ కూర్చున్నాను. మధ్యమధ్యలో ఆంటీ కేక: "ఆ దుమ్ములో నీకెందుకమ్మా, అబ్బాయి చూసుకుంటాడు, వచ్చి ఈ చిక్కుడుకాయలు ఒలిచిపెట్టు!" వెళ్ళి ఒలిచేదాన్ని. వచ్చి సోల్డరింగ్ ఐరన్ పట్టేదాన్ని. ఉద్యోగం కావాల్సినవాళ్ళకి రోషాలుండవు.

చివరికి ఒక చిక్కు మిగిలింది. పాత కంపెనీవాడి ఎర్ర టెర్మినల్, అంటే వైరు బిగించే చోటు, కొత్తవాడి ఎర్ర టెర్మినల్ ఒకదానికొకటి ఎదురు. ఎరుపుకి ఎరుపు కలిపితే కుడిదీ ఎడమదీ పోట్లాడుకుని, పాడే మనిషి గదిలో ఎక్కడా నిలవకుండా గోడల్లోకి పోతుంది. తిరగేసి తగిలిస్తే వచ్చి మధ్యలో నిలబడుతుంది. అటూ ఇటూ తగిలించి విని, ఎర్ర వైరు నల్ల టెర్మినల్‌కే బిగించాను. "తప్పనుకుని దీన్ని సర్దకు నాయనా" అని బాబుకి చెప్పాను కూడా. "నువ్వు టెన్షన్ పడకు, నాకెర్కే" అన్నాడు, ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తూ.

తరవాతి ఆదివారం అంకుల్ స్నేహితులందరినీ భోజనానికి పిలిచాడు. నన్ను పూరీలు వత్తడానికి పిలిచారు. వంటింట్లోంచే పాట మొదలవడం విన్నాను, విన్న క్షణంలోనే తెలిసిపోయింది. గొంతు లేదు. గోడల్లోకి పోయింది. హాల్లో ఒకాయన "ఆహా, సరౌండ్ సౌండ్!" అంటున్నాడు. అంకుల్ మొహం మాత్రం వాడిపోయింది. వెనక పలక బిగించమని పొద్దున బాబుకే చెప్పాడట. ఎరుపు నలుపు మీద ఉండటం చూసి, పాపం, మన బాబు దాన్ని సరిచేశాడు.

ఊరుకోవచ్చు. ఉన్నది ఒక్క ఉద్యోగం, మేం ఇద్దరం. నేను పూరీ వత్తుకుంటూ ఉంటే అతని పని అక్కడికక్కడే అయిపోయేది. కానీ తప్పుగా మోగుతున్న స్పీకరు పక్కన కూర్చోవడం మా ఇంటా వంటా లేదు. పిండి చేతులతోనే వెళ్ళి, పట్టుచీరలూ కుర్తాలూ అందరూ చూస్తుండగా పెట్టె వెనకకి దూరి, పలక విప్పి, వైర్లు మార్చి బిగించాను. బాబు టార్చి పట్టుకున్నాడు. ఆ ఒక్కసారే తిన్నగా పట్టుకున్నాడు.

పాట మళ్ళీ పెట్టారు. గొంతు వచ్చి రెండు పెట్టెల మధ్య, సోఫాకి ఎదురుగా, మనిషిలా నిలబడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. ఆంటీ జల్లిగరిట పట్టుకుని అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. అంకుల్ కళ్ళలో నీళ్ళు. అంత అందమైన పని ఆ తరవాత నేను ఏ ఆఫీసులోనూ చెయ్యలేదు. అంకుల్ లేచి, రెండు చేతులూ చాచి వచ్చి, నా పక్కనుంచి వెళ్ళి బాబుని కౌగిలించుకున్నాడు. "సాధించావు బాబూ!"

"నేను కాదంకుల్, మొత్తం తనే చేసింది" అన్నాడు బాబు. అతని తప్పేం లేదు, గట్టిగానే అన్నాడు.

"చూశారా వినయం!" అన్నాడు అంకుల్ అందరితో. "ఈ కాలం పిల్లల్లో ఇది ఎక్కడుంది?"

ఆ వినయానికే ఉద్యోగం వచ్చింది. బాబు నాకు కార్లో చెప్పాడు, సిగ్గుపడుతూ. కంగ్రాట్స్ అన్నాను. రూమ్‌కొచ్చి గోళ్ళలో పిండి కడుక్కుంటూ ఏడ్చాను. కడుపు మండిపోయింది, అది ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. తరవాత ఎవరి సిఫార్సూ లేకుండా, గడువు అంచున, దేశం అవతలి కొసన బాతెల్‌లో నాకూ ఒక ఉద్యోగం దొరికింది. క్యారీ వదిలేశాను.

పోయిన నెల హారన్ అంకుల్ ఫోన్ చేశాడు, ఇన్నేళ్ళకి. రిటైరయ్యాడట. ఇప్పుడు కుడిపక్క గొంతు పోయిందట. "బాబు ఫ్రిస్కో వెళ్ళిపోయాడమ్మా, బిజీ, ఫోన్ ఎత్తడు. అప్పుడు తను ఏం చేశాడో నీకేమైనా గుర్తుందా? నువ్వు పక్కనే ఉండేదానివిగా?"

"అది చేసింది నేనేనండీ అంకుల్" అన్నాను. "అవునవును, ఇద్దరూ కలిసే చేశారు. అయినా తను దొరికితే బావుండేది" అన్నాడు. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఏ యూనిట్ కొనాలో, ఏ వైరు ఎక్కడ పెట్టాలో మొత్తం విడమరిచి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. "ఇవన్నీ బాబు నీకు భలే నేర్పించాడమ్మా" అని మెచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పిండి చేతులతో పెట్టె వెనకకి దూరిన ఆ పిల్ల గుర్తొచ్చింది. పాట చక్కగా మోగితే చాలు, చేసిందెవరో అందరికీ తెలిసిపోతుంది, మనం నోరు తెరవక్కర్లేదనుకుంది పిచ్చిది. అందుకే ఇదంతా నేనివాళ మీకు నోరు తెరిచే చెప్పాను.