గేటు దగ్గర ఆకాశం

షాలిమార్ రైల్వే క్వార్టర్స్‌లో మా ఎదురింటి అమ్మాయి ఆటకు బయల్దేరేముందు గేటు దగ్గర ఆగి ఆకాశం వంక చూసేది. వానంటే భయమేమో అనుకునేదాన్ని.

క్రికెట్‌లో వికెట్ కీపర్, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. కోల్‌కతాలోని రెండు క్లబ్బులు ఒకే వారం పిలిచాయి, చెరో ఆటకి. ఒకటి వదులుకోక తప్పదు. తండ్రి క్రికెట్టే అన్నాడు. ఆమె ఫుట్‌బాల్ అంది.

"క్రికెట్‌కి ఏటే తక్కువ?" అన్నాడాయన, నా ముందే.

"చినుకు పడితే ఆపేత్తారు నాన్నా. నాకేమో ఇంకా ఆడాలనుంటాది."

నెల్లాళ్లు ఆయన ఆమెతో మాట్లాడలేదు.

ఇప్పుడు వాన మొదలవగానే మేమంతా ఆరేసిన బట్టలకోసం పరిగెడతాం. ఆయన మాత్రం గొడుగు తీసుకుని కూతురాడే మైదానానికి బయల్దేరతాడు.