కృష్ణక్క దొడ్లో బ్లూబెర్రీ చెట్టు

ముందు గది అద్దెకిచ్చేటప్పుడు కృష్ణక్క నాకు మూడు షరతులు పెట్టింది. బావి దగ్గరికి చెప్పులతో పోకూడదు. ఇంట్లోకి ఉల్లిపాయ తేకూడదు. ఆమె భర్త వాదిరాజరావుగారి ఎదుట గట్టిగా నవ్వకూడదు. మొదటి రెండూ ఎట్లాగో పాటించాను. మూడోది నావల్ల కాలేదు. ఆయనే నన్ను నవ్విస్తుంటే నేనేం చేసేది?

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. నేను ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బదిలీ మీద వచ్చి, బడిలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. అంతకు ఏడాది ముందే రావుగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. వెనక పంచలో నులకమంచం వేసి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టేది కృష్ణక్క. ఎడమచెయ్యీ, మొహమూ మాత్రమే ఆయన చెప్పినట్లు వినేవి. ఆ రెంటితోనే పాలవాడు కొలత తగ్గించి పోయడమూ, పక్కింటావిడ మూతి విరవడమూ చేసి చూపించేవారు. నేను పడీపడీ నవ్వేదాన్ని. లోపల్నుంచి కృష్ణక్క "శాంతా!" అని ఒక్క కేక వేసేది.

రావుగారు ఉద్యోగం చేసిందంతా కూనూరు దగ్గర కొండల మీద ఒక టీ తోటలో. అక్కడి నర్సరీకి గుమాస్తా. చలి పడక కృష్ణక్క అక్కడ కాపురమే పెట్టలేదు, ఆదోనిలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఒకచోట ఉన్నది ఎన్ని నెలలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిందంతా ఉత్తరాలే. ఆ ఉత్తరాల నిండా బ్లూబెర్రీ అనే పండు గురించి ఉండేది. తోట దొర ఇష్టపడి పెంచుకున్న నాలుగు పొదలట. కలివిపండంత ఉంటుందట, నీలంగా, పైన విభూతి పూసినట్లు. ఒకసారి డబ్బాలో పెట్టి తెచ్చారు గానీ గుంతకల్లు చేరేసరికే మెత్తబడి బూజు పట్టింది. రిటైరయ్యాక మన దొడ్లోనే పెంచి, మొదటి పండు నీ నోట్లో నేనే పెడతానని రాశారు. రిటైరై వచ్చిన నాలుగు నెలలకే మంచాన పడ్డారు.

ఆ ఉత్తరం కృష్ణక్క నాకు చూపించింది. నాకైతే ఆమె మీద అసూయ పుట్టింది. నాకెవరు రాశారు అట్లాంటి ముక్క?

ఆ ఏడు శ్రావణమాసంలో నాగప్ప వచ్చాడు. కౌతాళం మనిషి. రావుగారే అతన్ని తోటకు తీసుకుపోయి పనిలో పెట్టారు. ఏటా ఉరుకుంద ఈరన్న జాతరకు సొంతూరొస్తాడు. ఈసారి ఒక గోనెసంచిలో కొండమన్ను, ఆ మన్నులో జానెడు మొక్క పట్టుకొని, సందువైపు దొడ్డివాకిలి నుంచి లోపలికొచ్చాడు.

"అయ్యకు మాటిచ్చింటినమ్మా. నీలిపండ్ల సెట్టు," అన్నాడు.

దొడ్డంతా ఒకసారి కలియదిరిగాడు. అంట్లు తోమే బండ పక్కన, నీళ్ళు పారే కాలవ అంచున గుంత తీసి, కొండమన్నుతో సహా నాటాడు. ఎండ తగలకుండా పైన తడిక కట్టాడు. ఎట్లా చూసుకోవాలి నాగప్పా అని కృష్ణక్క అడిగితే, అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు.

"మన్ను సంగతీ నీళ్ళ సంగతీ అంతా అయ్యకు తెలుసు లేమ్మా. నాకు నేర్పించిందే అయ్య. మాట వచ్చినాక అడుగు. బస్సు పోతాది, వస్తా."

మంచం మీద రావుగారు ఎడమచెయ్యెత్తి అతన్ని దీవించారు. కళ్ళు తుడుచుకోవడం కూడా నేను చూశాను.

మొక్క బతికింది. బతకడమేమిటి, ఏపుగా పెరిగింది. ఆదోని ఎండలకు మేమే వాడిపోతుంటే అది తడిక కింద కొత్త చిగుళ్ళు వేసేది. అంట్ల బండ పక్కన ఎవరూ ప్రత్యేకంగా నీళ్ళు పోసిందీ లేదు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు చింతపండుతో తోమితే ఆ నీళ్ళే దాని మొదట్లోకి పారేవి. నాగప్ప మరుసటేడు రాలేదు. కూతురి కాన్పని కార్డు రాశాడు.

ఎనభయ్యో సంవత్సరం మాఘమాసంలో పొద పూసింది. తెల్లని చిన్న చిన్న పూలు, తలవంచుకొని గుత్తులుగా. కృష్ణక్క మొహం ఆవేళ చూడాల్సింది. రావుగారి మంచం దగ్గరికి పరుగెత్తుకెళ్ళి, "పూసింది! మీ చెట్టు పూసింది!" అని చిన్నపిల్ల లాగా చేతులు చరిచింది. తర్వాత స్నానం చేసి, దీపం పెట్టి మొక్కుకుంది. మొదటి పండ్లు మంత్రాలయం తీసుకుపోయి రాయరికి నైవేద్యం పెడతాను, ఆ ప్రసాదం ఈయన నోట్లో పెడతాను, స్వామీ ఈయనకు మాట రప్పించు అని.

మొక్కు మొక్కాక ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. మరుసటి రోజు పొద్దున నన్ను పిలిచింది.

"శాంతా, ఆ చెట్టు ముసురె నీళ్ళు తాగి పెరిగింది కదే. అన్నం తిన్న గిన్నెలు కడిగిన నీళ్ళు. ఆ పండు రాయరికి ఎట్లా పెట్టేది?"

మడి ఆచారాల్లో కృష్ణక్క నిప్పు. ఎంగిలి సోకిన నీళ్ళు తగిలిన పూలే ఆమె దేవుడికి పెట్టదు, ఇక పండు పెడుతుందా? తులసికోట పక్కన శుభ్రమైన చోటుంది, అక్కడికి మారుద్దాం అంది. పూత మీదున్న మొక్కను కదిలించొద్దని నేను ఒక మాట అన్నాను. గట్టిగా అనలేదు. అదే నా తప్పు. అని ఊరుకున్నానా, గడ్డపార పట్టుకొని తవ్వింది కూడా నేనే.

మేం తవ్వుతుంటే రావుగారు మంచం పట్టెను ఎడమచేత్తో దబదబా బాదారు. పక్కనున్న ఇత్తడి లోటా తోసేశారు. "ఆ... ఆ..." అని గొంతులో ఒకటే రొద. నోట్లో వేలు పెట్టుకొని, నాలుక చూపించి, మొహమంతా ముడుచుకొని, చెట్టువైపు చూపించారు. మళ్ళీ వేలు నాలుక మీద. మళ్ళీ చెట్టు.

"పండు తినాలని ఎంత ఆశో చూడు ఆయనకు," అంది కృష్ణక్క, కళ్ళనిండా నీళ్ళతో. "కొంచెం ఓర్చుకోండి. రాయరికి పెట్టి మీకే పెడతాను."

నేను నవ్వాను. అవును, నవ్వాను. పాలవాడిని చేసి చూపించినట్లే ఇదీ ఏదో వేషం అనుకున్నాను.

తులసి పక్కన నాటాక కృష్ణక్క దాన్ని కన్నబిడ్డలాగా చూసుకుంది. తడిక తానే కట్టింది. మడితో తోడిన బావినీళ్ళు రెండుపూటలా పోసింది. మా బావినీళ్ళు ఎట్లాంటివంటే, కాచిన గిన్నెకు తెల్లగా పొలుసు కట్టేవి. పొయ్యిలో కట్టెల బూడిద జల్లెడపట్టి మొదట్లో పోసింది. చెట్టుకు బూడిద బలమని మా వైపు ప్రతి ఇంట్లోనూ నమ్మకం. చీమలు పట్టకుండా చుట్టూ సున్నంతో గీత గీసింది. పూత వారంలో రాలింది. ఆకులు పసుపు తిరిగాయి. ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఆకు పసుపు పడేకొద్దీ ఆమె ఇంకో గుప్పెడు బూడిద వేసేది.

రావుగారు రోజూ చెప్పారు. వేలు నాలుక మీద, మొహం ముడుచుకోవడం, చెట్టు వైపు చెయ్యి. కొన్ని రోజులు అంట్ల బండ వైపు కూడా చూపించేవారు. బాగా ఆలోచించి మేం కనిపెట్టిందేమిటంటే, ఆయనకు పుల్లటిది తినాలనుందని! డాక్టరు ఉప్పూ పులుపూ తగ్గించమన్నాడు. పాపం నోరు చచ్చిపోయిందని కృష్ణక్క దొంగతనంగా చింతపండు చారు కాచి పోసింది. ఆయన గుటక వేయకుండా ఆమె మొహంలోకి చూస్తూ ఏడ్చారు. ఎంత తృప్తిపడ్డారో చూడు అంది ఆమె. పలక తెచ్చి చేతికిస్తే గీతలు తప్ప ఏమీ రాలేదు. కొన్నాళ్ళకు పలక వెనక్కు తోసేశారు.

అదే నెలలో నేను ఏడో తరగతి పిల్లలకు ఆమ్లాలు, క్షారాలు చెప్పాను. చింతపండు ఆమ్లం, బూడిద నీళ్ళు క్షారం అని బోర్డు మీద రాసి, ఇంటికొచ్చి ఆ చెట్టుకు బూడిద అందించాను. నన్ను ఏమనుకుంటారో అనుకోండి.

శ్రావణంలో నాగప్ప వచ్చాడు. వస్తూనే అంట్ల బండ పక్కకు పోయి, చెట్టు లేకపోయేసరికి అటూ ఇటూ చూశాడు. తులసి పక్కన నాలుగు ఎండు పుల్లలు కనిపించాయి. కూర్చొని మొదట్లో వేలు పెట్టి, చిటికెడు మన్ను నాలుక మీద వేసుకొని, ఊసేశాడు.

"బూడిద ఏసినారామ్మా?"

"బలమని వేసినాను నాగప్పా. మడినీళ్ళే పోసినాను, ఒక్క పూట కూడా తప్పలేదు."

"ఇది పుల్లటి మన్నులో బతికే సెట్టమ్మా. మన ఆదోని మన్నూ, మన బావినీళ్ళూ దీనికి ఇసం. చింతపండు నీళ్ళు దినామూ పడతాయనే గదా ఆడ పెట్టిపోతి. ఈడికెందుకు తెచ్చినారు? అయ్యకు తెలుసు గదా, సెప్పలేదా..."

అంటూ మంచం వైపు చూసి, నాలుక కరుచుకున్నాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కృష్ణక్క మెల్లగా మంచం దగ్గరికి పోయి, వేలు తన నాలుక మీద పెట్టుకొని, మొహం ముడుచుకొని, చెట్టు వైపు చెయ్యి చూపించింది. ఇదేనా అన్నట్లు. రావుగారు తల ఊపారు.

"ఆరు నెలలు చెప్తానే ఉన్నారు కదండీ," అంది. "నేను మీకు చారు పోసినాను."

ఆమె లోపలికి పోయి జాడీలో చింతపండంతా తెచ్చి, బిందెనీళ్ళలో పిసికి, ఆ ఎండు పుల్లల మొదట్లో పోసింది. ఇంకో బిందె తెచ్చింది. వద్దమ్మా, అది పోయిందమ్మా అని నాగప్ప అంటున్నా వినలేదు. మూడో బిందెకు రావుగారు ఎడమచెయ్యెత్తి చాలన్నట్లు ఆపారు. అప్పుడు ఆగింది.

చెయ్యి కడుక్కోకుండానే వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఇంకేమైనా చెప్పాలా? చెప్పండి. ఈసారి నేను సరిగ్గా చూస్తాను."

ఆయన ఆమె మొహం చాలాసేపు చూశారు. చెయ్యి విడిపించుకొని, దొడ్డి వైపు చూపించి, తర్వాత తన గుండె మీద పెట్టుకొని, ఆమె వైపు చాపారు. కృష్ణక్క లేచి తులసిదళం తెచ్చింది. కాదు. చెంబుతో నీళ్ళు తెచ్చింది. కాదు. నేను పరుగెత్తి అలమారులోంచి ఆ పాత ఉత్తరం తెచ్చాను. దాన్ని చూసి కొంచెం ఆగారు గానీ, అదీ కాదన్నట్లు తల తిప్పారు. నాగప్ప దొడ్లోంచి ఏవేవో తెచ్చి చూపించాడు. ఒక ఎండు పుల్ల, గుప్పెడు మన్ను, పాత తడిక ముక్క. అన్నింటికీ కాదు. మళ్ళీ మొదటినుంచి చేసి చూపించారు, నిదానంగా, పిల్లలకు పాఠం చెప్పినట్లు. దొడ్డి, గుండె, ఆమె.

మేం ముగ్గురం కళ్ళార్పకుండా చూశాం. అర్థం కాలేదు.

చివరికి ఆయన చెయ్యి దించేసి, ఆమె తల నిమిరి, మాకు అర్థమైంది లే అన్నట్లు తనే తల ఊపారు. ఆ మార్గశిరంలో పోయారు. కృష్ణక్క ఇప్పటికీ నేను ఆదోని వెళ్ళినప్పుడల్లా, అంట్ల బండ దగ్గర కూర్చొని ఆ మూడూ చేసి చూపిస్తుంది. దొడ్డి, గుండె, తను. "నువ్వు చదువుకున్నదానివి శాంతా, ఏమంటావు?" అని అడుగుతుంది.