ఆవిరి గొట్టం, అక్క వేళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే వేడినీళ్లకే మర్యాద ఎక్కువ. బూదికోట దగ్గర మా తాతయ్యకు పట్టుదారం తీసే చిన్న షెడ్డు ఉండేది. పట్టుపురుగుల గూళ్లు ఉడికే తొట్టిలో నీళ్లు కాస్త చల్లబడితే దారం ఊడిరాదు, మరీ మరిగితే గూడే గుజ్జవుతుంది. ఆ నీళ్లలో రోజంతా వేళ్లు ముంచి దారం కొస వెతికేది మా పక్కింటి అక్క.

కట్టెల పొయ్యి మానేసి, బాయిలర్ ఆవిరిని నేరుగా నీళ్లలోకి వదలాలని తాతయ్య అనుకున్నాడు. బెంగళూరు నుంచి గొట్టాలమ్మే ఒకాయన రెండు రకాలు తెచ్చాడు. ఒకదానికి ఒకటే పెద్ద నోరు. రెండోదానికి కొస మూసి, పొడుగునా సన్నటి బెజ్జాలు. గూళ్లలోని పురుగులు సీతాకోకచిలకలై, గూడు తొలిచి బయటపడి దారం పాడుచేసే గడువు ముంచుకొస్తోంది. ఆ రోజే తేల్చుకోవాలి.

మొదట పెద్దనోటి గొట్టం బిగించారు. తొట్టి దబదబా అదిరింది. "ఎంత బేగ కాగినాయో చూడండి సార్!" అంటూ ఆయన తను నిలబడ్డ అంచున థర్మామీటర్ ముంచి చూపించాడు. సరిగ్గా కావలసినంత వేడి. పని తొందరగా అయితే అక్క నాతో అచ్చంగాయలు ఆడుతుందని నేను "ఇదే తీసుకో తాతా!" అని గంతేశాను. సలహాలివ్వడం నాకు అప్పట్నుంచే అలవాటు; ఎవరూ అడగకపోవడమూ అప్పట్నుంచే.

అక్క చెంగు దోపుకుని గొట్టం వైపు చెయ్యి చాపింది.

"వద్దమ్మా, ఉండు!" తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాత తాతయ్య పురికొసకు జానెడుకొక గూడు గుచ్చి, తొట్టికి ఈ అంచు నుంచి ఆ అంచుకు నీళ్లలో పట్టుకున్నాడు.

"ఇంగ ఎంతసేపు మామా?" అంది అక్క.

"గూళ్లనే అడుగమ్మా."

పైకి తీస్తే, థర్మామీటర్ పెట్టిన చోటి గూడు చక్కగా ఉడికింది. అవతలి మూలది రాయిలా ఉంది. గొట్టం నోటి దగ్గరిది గుజ్జయి జారిపోయింది. నేను అక్క వేళ్ల వైపు చూశాను. నా ఉత్సాహమంతా ఆవిరైపోయింది.

రెండో గొట్టంతో నీళ్లు నిదానంగా కాగాయి. "ఇంత నిదానమైతే మీ పురుగులు ఆగుతాయా సార్?" అని బెంగళూరాయన ఎగతాళి చేశాడు. పురికొస మీది గూళ్లన్నీ మాత్రం ఒకే మెత్తదనంతో వచ్చాయి. అయినా తాతయ్య తేల్చలేదు.

"చెయ్యి పెట్టేది నువ్వు. నువ్వే చెప్పమ్మా, ఏది కావాల?"

అక్క ముందు ఒక వేలు ముంచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అక్క తొట్టంతా చెయ్యి తిప్పి చూస్తోంది.

"ఇదే ఉండనీ మామా. యాడ పెట్టినా ఒకే తీరుగా ఉండాది."

ఆ వారం ఉడికించే వంతు రాకముందే రెండు గంపల గూళ్లను చిలకలు తొలిచేశాయి. తాతయ్య గొట్టం మాత్రం మార్చలేదు.

ఇప్పుడు నా మనవరాలు మామిడి గుజ్జు యూనిట్‌కు ఆవిరి హీటర్లు ఎంచుకుంటూ నన్ను పక్కన కూర్చోబెడుతుంది. అమ్మేవాళ్లు బొమ్మల పుస్తకం తెరవగానే నాకు మళ్లీ అక్క వేళ్లే కనిపిస్తాయి. "మెషీను దగ్గర నిలబడేది ఎవరు?" అంటాను. ఆ మనిషి వచ్చి మాతోపాటు కూర్చునేదాకా, కాఫీలు చల్లారిపోయినా సరే, బేరం మొదలుపెట్టనివ్వను.