వదిన కత్తెర

మా వదిన కత్తెర ముట్టుకుని బతికి బట్టకట్టినవాళ్లు మా ఇంట్లో లేరు. వదినంటే మా ఆయనకు అక్క. ముందుగదిలో కుట్టుమిషను, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులున్నా తిట్లు మాత్రం స్పష్టంగానే వస్తాయి. ఒకసారి మా ఆయన ఆ కత్తెరతో పాలప్యాకెట్టు కోశాడని రెండు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. గుడ్డ తప్ప ఇంకేం కోసినా పదును పోతుందట! గుమ్మంలోకి వచ్చినవాళ్ల భుజం అరంగుళం వాలినా కళ్లతోనే కొలిచేస్తుంది. కానీ బట్ట సరిపోకపోతే తప్పు తన కుట్టుదే అంటుంది తప్ప ఎదుటి మనిషి ఒంటిదని ఏనాడూ అనదు. ఆ మంచి గుణమే ఆ రోజు మా కొంప ముంచబోయింది.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. వదిన దాన్ని బొత్తాం అని పిలుస్తుంది. ఉదయం ఎనిమిదింటికి దానికి కొత్త యూనిఫాం చొక్కా తొడిగి చూస్తోంది. ముందురోజు కచ్చాకుట్టు వేసి చూసినప్పుడు అతికినట్టు సరిపోయిన చొక్కా, ఇప్పుడు కుడి భుజం దగ్గర జారింది.

"పక్కాకుట్టు వేసేటప్పుడు లాగేసినట్టున్నాను. నిటారుగా నిలబడవే బొత్తాం!"

"నిలబడ్డానత్తా. తల నొప్పిగా ఉంది."

నాకు ఒళ్లు మండింది. ఆ రోజు బడిలో లెక్కల పరీక్ష. "పరీక్ష రోజు నొప్పులన్నీ నాకు తెలుసులే!" అని వంటగదిలోంచే కేకేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

వదిన భుజం విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ తొడిగింది. మళ్లీ జారింది. అప్పుడు తలెత్తి పిల్ల మొహంలోకి చూసింది.

"ఏదీ, ఒకసారి నవ్వు."

నవ్వింది. ఒక పక్కే నవ్వింది.

"చేతులు రెండూ పైకెత్తు."

ఎడమది లేచింది. కుడిది సగంలోనే వాలిపోయింది. "అత్తా" అనబోతే మాట ముద్దగా వచ్చింది.

"అమ్మాయ్, స్టవ్ ఆపు! చొక్కా కాదే, తేడా పిల్లలో ఉంది!"

ఆటోలో పిల్ల నా ఒళ్లో, వదిన నా పక్కన, చెప్పుల్లేకుండా, మెడలో టేపుతో. వదిన పక్షవాతమేమో అనగానే, ఆసుపత్రి ముందు బల్ల దగ్గరావిడ తాపీగా చూసి, "పిల్లలకు పక్షవాతమేంటండీ? చెయ్యి మీద పడుకుని ఉంటుంది" అంది.

"ముప్పై ఏళ్లుగా భుజాలే చూస్తున్నాను. ఇది తిమ్మిరెక్కిన చెయ్యి కాదు. డాక్టర్ని పిలుస్తారా, నన్నే లోపలికి వెళ్లమంటారా?" వదిన గొంతుకి వరండా దద్దరిల్లింది. డాక్టరు తనే పరుగున వచ్చాడు.

స్కాన్ తీశాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి సన్నబడింది. అక్కడ రక్తపు గడ్డ అడ్డుపడింది. ఈమధ్య చికెన్‌పాక్స్ వచ్చిందా?"

నాలుగు నెలల కిందట వచ్చింది.

"బహుశా అదే కారణం. ఎక్కడో ఒకరిద్దరికి తగ్గాక ఇలా అవుతుంది. కొందరికి పుట్టుకతో ఉన్న గుండెజబ్బు వల్లో, రక్తంలో దోషం వల్లో వస్తుంది. పిల్లలకు ఇది రాదనుకుని ఇంట్లోనే గంటలు పోగొడతారు. ఎప్పుడు మొదలైంది?"

"ఎనిమిదింటికి చూశాను. పావుగంట నేనే పోగొట్టాను. చొక్కా సరిచేస్తూ కూర్చున్నాను." వదిన కొంగుతో మొహం కప్పుకుని భోరుమంది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

"పావుగంటలో కనిపెట్టారమ్మా. పూటంతా చూసి తెచ్చేవాళ్లే ఎక్కువ" అన్నాడు డాక్టరు.

ప్రాణానికి గండం గడిచింది. మాట, నడక నెలలో దారికొచ్చాయి. కుడి చెయ్యి మాత్రం రాలేదు. వస్తుందా అని అడిగితే, "పిల్లల మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది. కానీ ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఆ చేతికి పని పెట్టాలి" అన్నారు. మా పిల్ల గడుసుది, పనులన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చేది. వ్యాయామాలు చేయించే అమ్మాయి, కుడి చేతికి పని తప్పకుండా రోజూ రెండు గంటలు ఎడమ చేతికి తొడుగు వేయమంది. ఆసుపత్రి వాళ్లిచ్చిన తొడుగుని బొత్తాం నిమిషంలో పళ్లతో లాగిపారేసింది.

వదినకు రోషం వచ్చింది. చొక్కా ఎడమ చెయ్యి చివర సంచిలా మూసేసి, గుండీలన్నీ వీపు మీదికి పెట్టి ఒక చొక్కా కుట్టింది. ఆ మూతికి మూడు వరసల కుట్టు! "ఇది నువ్వు విప్పితే నా పేరు మార్చుకుంటా" అంది.

రెండు నెలలు మా ఇంట్లో చెంచాలు కింద పడుతూనే ఉన్నాయి. వదిన నేల మీద గుండీలు పోసి కుడి చేత్తో ఏరించేది. వేళ్లు ముడుచుకునేవి గాని తెరుచుకునేవి కావు. పిల్ల ఏడిచేది. నేను పక్కగదిలోకి పోయి ఏడ్చేదాన్ని. "తియ్యవే, మళ్లీ తియ్యి" అని వదిన గొంతు వినిపిస్తూనే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఇల్లెగిరిపోయేలా అరుపు. "నా కత్తెర ఎవరు తీశారు?"

పరిగెత్తాను. మిషను వెనక బొత్తాం కూర్చుని ఉంది. పక్కన కత్తెర. చొక్కా చెయ్యి మూతి వంకరటింకరగా తెగి, అందులోంచి ఎడమ చేతి వేళ్లు ఐదూ బయటికొచ్చి ఆడుతున్నాయి.

"దానికి ఊపిరాడట్లేదత్తా" అంది బిక్కమొహంతో.

వదిన కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏ చేత్తో కోశావే?"

బొత్తాం గబుక్కున కుడి చెయ్యి వెనక్కి దాచుకుంది. వదిన ఆ చెయ్యి ముందుకి లాగి చూసింది. బొటనవేలు కందిపోయి, వేళ్లన్నీ వణుకుతున్నాయి. వదిన కత్తెర తీసి మళ్లీ ఆ చేతికే అందించింది.

"ఇంద, పట్టుకో! కొయ్యవే! నా కొంగు కొయ్యి!"

ఆ చెయ్యి ఇవాళ్టికీ పూర్తిగా రాలేదు. రాత నెమ్మది, పై గుండీ పెట్టుకోవడానికి ఇప్పటికీ కుస్తీ పడుతుంది. అయితేనేం, ఆ సాయంత్రం బొత్తాం వదిన కొంగు కోసింది, నా తువ్వాలు కోసింది, చివరికి పాలప్యాకెట్టు కూడా కోసింది. ప్యాకెట్టు కదలకుండా పట్టుకున్నది వదినే.