రేకు అనుకున్న కప్పు

ఇది 2023లో సంగతి. ఈశాన్య రుతుపవనాలు దిగడానికి ఇంకో నెల ఉందనగా, సింగపూరులో పాసిర్ రిస్ దగ్గర, సముద్రానికి ఆనుకుని ఉన్న ఒక క్లబ్బు వాళ్లు కప్పు కారుతోందని మా కంపెనీకి ఫోన్ చేశారు. తీరా వెళ్తే అది మేడ కప్పు కాదు, ట్రావెల్ ట్రైలర్ కప్పు. ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. ఈ చిన్న దేశంలో దాన్ని లాక్కుని ఎంత దూరం పోతారో నాకైతే తెలియదు. ఫ్లాస్కులో టీ చల్లారే లోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఎవరో అమెరికా కుటుంబం సరదాపడి తెప్పించుకుని, వెళ్లిపోతూ క్లబ్బుకి వదిలేసిందట. చక్రాలు ఎప్పుడో నేలలో కూరుకుపోయాయి. ఇప్పుడది టిఫిన్ కొట్టు.

నా గురించి కాస్త చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా. సెంబవాంగ్ వైపు షిప్‌యార్డులో పదకొండేళ్లు ఓడలకు రంగులు వేశాను. మొదట తుప్పు రాల్చే పని, తరవాత పెయింటింగ్ సూపర్‌వైజర్ని. ఇప్పుడు జురాంగ్ వెస్ట్ దగ్గర కప్పులకు వాటర్‌ప్రూఫింగ్ చేసే చిన్న కంపెనీలో ఉన్నాను. ఓడల మీద పనిచేసినవాళ్లకు ఓ జబ్బు ఉంటుంది. ప్రపంచంలో ఉన్నదంతా ఇనుమో అల్యూమినియమో అనిపిస్తుంది. పైగా సముద్రాన్నే ఆపినవాణ్ని, వాన నాకో లెక్కా అనే పొగరొకటి. నాకు రెండూ పుష్కలంగా ఉండేవి.

కొట్టు నడిపేది సింహాచలమ్మ ఆంటీ. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. తాతముత్తాతలు మా వైపు నుంచే మలేసియా రబ్బరు తోటలకు కూలికి వెళ్లారు. అక్కడే పుట్టి, పెళ్లి చేసుకుని సింగపూరు వచ్చింది. మా నానమ్మతోనే పోయిందనుకున్న మాట ఆవిడ నోట్లో ఇంకా బతికే ఉంది, మధ్యమధ్య మలయ్ ముక్కలతో.

"నమస్తే ఆంటీ," అన్నాను.

"ఆంటీ ఏటి బావూ? ఈ ఊర్లో తెల్లారి లేస్తే అందరూ ఆంటీలే. అప్పా అను," అంది. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో.

లోపల పెనం పక్కనే ఒక అల్యూమినియం తపేలా పెట్టి ఉంది. పైనుంచి కారే నీళ్లు అందులో పడాలి. రెండేళ్ల నుంచి అది అక్కణ్నుంచి కదల్లేదట. పొయ్యి మీద నీళ్లు పడుతున్నాయని క్లబ్బు కమిటీకి ఎవరో చెప్పారు. వానాకాలం మొదలయ్యాక కమిటీ వాళ్లు వచ్చి చూస్తారు, అప్పటికి ఒక్క చుక్క కారినా ట్రైలర్ని తుక్కుకి పంపేస్తారు. ఇదీ సంగతి.

"కప్పంతా బోచోరే బావూ," అంది అప్ప. కారిపోవడాన్ని మలయ్‌లో అలా అంటారు. "ఇది పోతే నానేటి సెయ్యాల సెప్పు? పదకొండో అంతస్తులో కూకుని లిఫ్టు ఎక్కినోల్లనీ దిగినోల్లనీ సూడాలా? సేతిలో అట్లకాడ ఉన్నన్నాల్లే నాను మనిసిని."

"మీకెందుకప్పా, నేనున్నాను కదా," అన్నాను. ఓడలు చూసినవాణ్ని మరి.

నాతో వచ్చినవాడు మల్లేశం. కరీంనగర్ వాడు, నాకంటే రెండేళ్లు చిన్న, మాట తక్కువ. ఇద్దరం నిచ్చెన మీంచే పైకి తొంగి చూశాం. కప్పు వెండి రంగులో మెరుస్తోంది, అక్కడక్కడా పెచ్చులు లేచాయి. నడిమధ్యన పల్లం పడి వాన నీళ్లు నిలిచిన మరక. చూడగానే అల్యూమినియం రేకు అని తేల్చేశాను.

ఇక్కడ కోటింగుల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పాత కప్పు మీద పూసే పూతలు మా దగ్గర ముఖ్యంగా మూడు రకాలు. ఆక్రిలిక్ నీళ్లతో కలిసేది, వాసన ఉండదు, కానీ నీళ్లు నిలిచేచోట మెత్తబడి ఊడుతుంది. పైగా ఆరడానికి టైమ్ కావాలి, ఇక్కడి మధ్యాహ్నపు వాన ఆ టైమ్ ఇవ్వదు. పాలీయురెథేన్ గట్టిది, తొక్కినా చెక్కుచెదరదు, కానీ అందులో ఘాటైన ద్రావకాలుంటాయి. మూడోది సిలికోన్. నీళ్లు నిలిచినా దానికి లెక్కలేదు, గాలిలో తేమ తాగి గట్టిపడుతుంది. ఒకటే చిక్కు: ఒకసారి సిలికోన్ వేశాక దాని మీద మళ్లీ సిలికోన్ తప్ప ఇంకేదీ అంటదు. అందుకే మావాళ్లు దానికి కాస్త దూరంగా ఉంటారు. నా మనసు పాలీయురెథేన్ మీదే ఉంది. కింద ఎపాక్సీ ప్రైమర్, పైన అది. రేకుకు అంతకంటే ఏం కావాలి?

మర్నాడు పదిన్నరకు పని మొదలుపెట్టాం. మల్లేశం గ్లవుజు తీసి కప్పు మీద అరచెయ్యి ఆనించాడు.

"అన్నా, ఇది రేకు కాదనిపిస్తున్నది. రేకైతే గీ ఎండకు చెయ్యి పెట్టనిస్తదా? జర మెత్తగున్నది."

"రంగు మందంగా ఉందిలే. కానివ్వు," అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

రంగు వేసేముందు జిడ్డు పోవడానికి థిన్నర్ గుడ్డతో తుడవడం ఓడల మీద ఆచారం. బొట్టు పెట్టకుండా పేరంటానికి పిలవనట్టు, థిన్నర్ పెట్టకుండా మేం డబ్బా మూత తీయం. మల్లేశం ఒక మూల పెచ్చులు గీకి, గుడ్డ తడిపి తుడిచాడు. నేను అవతలి వైపు కొలతలు తీసుకుంటున్నాను.

"అన్నా! ఇటు రా!"

వెళ్లి చూస్తే తుడిచినంత మేరా, చాప పరిచేంత జాగా, కప్పు ఉబ్బి ముడతలు పడి లేచింది. వెండి రంగు కింద నల్లటి రబ్బరు. అల్యూమినియం లేదు, ఏమీ లేదు. పలచటి చెక్క మీద అతికించిన రబ్బరు షీటు అది. ఈపీడీఎం అంటారు, అమెరికా ట్రైలర్ల మీద మామూలే. ఎవరో ఎప్పుడో దాని మీద వెండి రంగు పూసి నాలాంటి మేధావుల కోసం అట్టే పెట్టారు. రబ్బరుకు థిన్నర్ పడదని కొత్తగా చేరినవాడిక్కూడా చెప్తాం. ఆవిడ కొట్టు నిలబెడతానని వచ్చి నా చేతులతో నేనే కూల్చినట్టుంది.

ఉబ్బినచోట కోసి పారేసి కొత్త ముక్క అతికిద్దామని కత్తి తీశాను. కిందనుంచి అప్ప కేకేసింది.

"ఏటైనాది బావూ?"

ఏమీ లేదని చెప్పే వీలుంది. ఆవిడ నిచ్చెనెక్కి చూడలేదు. కానీ ముందురోజు అప్పా అని పిలిచిన నోటితో ఆ అబద్ధం రాలేదు. గుడ్డా కత్తీ పట్టుకునే కిందకి దిగి జరిగింది జరిగినట్టు చెప్పాను, మల్లేశం మాట నేను వినలేదన్నది కూడా కలిపి.

అప్ప అట్లకాడ పక్కన పెట్టింది. తరవాత నా చేతిలో థిన్నర్ గుడ్డ తీసుకుని వాసన చూసింది.

"పైనున్నది రబ్బరేనా?"

"రబ్బరే అప్పా."

"రబ్బరు తోటలో పుట్టినదాన్ని ఇక్కడ నిలబెట్టి, రబ్బరు సంగతి నన్నడగలేదేటి నువ్వు? మా అయ్య సైకిలు ట్యూబు ఓపాలి పెట్రోలు డబ్బాలో పడిపోనాది. పనసకాయలాగ ఉబ్బిపోనాది. నాను ఏడుపు. అయ్య దాన్ని నీడన ఏలాడదీసి, ముట్టుకుంటే సేతులిరిసేత్తానన్నాడు. తెల్లారికి దిగిపోనాది. ఆ ట్యూబు మీదే మల్లా ఏడాది తొక్కినాడు." అని నా కత్తి వైపు చూసింది. "అది లోపల పెట్టు. పూస్తే పూసినావు గానీ, ఇంక గెలక్కు."

ఆ రోజుకు పని ఆపేశాం. ఎండా వానా పడకుండా ఎత్తుగా, గాలి ఆడేలా టార్పాలిన్ కట్టి వచ్చేశాం. రైల్లో మల్లేశం ఒక్క మాట దెప్పి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. వాడు దెప్పలేదు.

తెల్లారి వెళ్లి టార్పాలిన్ లేపాను. ముడతలు దిగిపోయాయి. ఒక మూల జానెడు మేర మాత్రం జిగురు వదిలింది, మిగతాదంతా తుడవక ముందు ఎలా ఉందో అలాగే పడుకుని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కప్పు మీద బోర్లా పడుకుని చేత్తో నిమిరాను కూడా. చూసినవాళ్లు పిచ్చి అనుకుని ఉంటారు.

"దిగిందా అన్నా?" అన్నాడు కిందనుంచి మల్లేశం.

"దిగింది తమ్ముడూ. ఇకనుంచి ముందు నువ్వే చెయ్యి పెట్టు," అన్నాను. వాడు నవ్వాడు.

ఆ తరవాత అంతా బుద్ధిగా చేశాం. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఓపిక. వదులుగా ఉన్న వెండి పెచ్చులన్నీ ఊడాయి. పాలీయురెథేన్ ఆలోచన మానేశాను, అందులోని ద్రావకాలు మళ్లీ ఇదే గొడవ తెస్తాయి. పల్లంలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఆక్రిలిక్ కూడా కాదు. మిగిలింది సిలికోన్. అయినా ఈసారి నా మాటే నేను నమ్మలేదు. రెండుచోట్ల గుడ్డ పేలికలు పూతలో ముంచి అతికించాం, ఒకటి నేరుగా రబ్బరు మీద, ఇంకోటి రబ్బరు కోసమే చేసిన ప్రైమర్ వేసి. వారం ఆగి లాగితే మొదటిది అరటి తొక్కలా వచ్చేసింది. రెండోది గుడ్డ చిరిగింది కానీ పూత రాలేదు.

"ఇది పట్టింది," అన్నాడు మల్లేశం.

షిప్‌యార్డు చదువు అంతా దండగ కాలేదు. ఓడల మీద ముందు అతుకులకీ మూలలకీ బోల్టులకీ చేతి బ్రష్షుతో ఒక పూత వేసి, ఆ తరవాతే మొత్తం వేస్తాం. దాన్ని స్ట్రైప్ కోట్ అంటారు. నీళ్లు ఎప్పుడూ అక్కణ్నుంచే దూరతాయి. పొగగొట్టం చుట్టూ, అంచు పట్టీల మీద, వదిలిన జానెడు మూల మీద టేపు వేసి, అలాగే చేశాం. తరవాత మొత్తం మీద తెల్లటి పూత రెండుసార్లు, ఒకటి అడ్డంగా, ఇంకోటి నిలువుగా. రెండో పూత పైపైన ఆరిందో లేదో, చినుకులు మొదలయ్యాయి. ఇద్దరం నిచ్చెన మీద నిలబడి చూశాం. నీళ్లు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి.

కమిటీ వచ్చిన రోజు వాన దంచి కొట్టింది. ముగ్గురొచ్చారు, గొడుగులు తిరగబడుతున్నాయి. వెళ్లనక్కర్లేకపోయినా నేనూ వెళ్లాను, ఉండబట్టలేక. వాళ్లు లోపల నిలబడి అరగంట సేపు పైకి చూస్తూ అప్ప వేసిన పెసరట్లు తిన్నారు. నేను తినలేదు, తపేలా వంకే చూస్తూ కూర్చున్నాను. వాళ్లలో పెద్దాయన వెళ్తూ వెళ్తూ వంగి తపేలాలో వేలు పెట్టి చూసుకున్నాడు. పొడిగా ఉంది. "ఓకే లా ఆంటీ, యూ కంటిన్యూ," అని ఇక్కడి ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోయారు.

అప్ప తపేలా తీసుకెళ్లి కుళాయి కింద పెట్టి రుద్ది రుద్ది కడిగింది. అందులో రేపటి పెసలు పోసింది. తరవాత రెండేళ్లలో మొదటిసారి, అందులోకి నీళ్లు తనే వంచింది. అప్పుడు కళ్లు తుడుచుకుంది.

"కూకో. ఇప్పుడైనా తిను," అంది నాతో.

కోటింగుల గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ మూడు రకాలూ వివరంగా చెప్తాను. కానీ ఏది మంచిదో మాత్రం కిందనుంచి చెప్పను. అసలు ఆ కప్పు దేనితో చేశారో ముందు తెలియాలి, అది తెలియడానికి నా కళ్లు చాలవని నాకు తెలిసొచ్చింది. ఇప్పుడు ఏ కప్పు ఎక్కినా గ్లవుజు తీసి అరచెయ్యి ఆనిస్తాను. ఆ తరవాత మల్లేశం వైపు చూస్తాను. వాడు తలూపాకే డబ్బా మూత తీస్తాను.