చిన్నాయన జీపు, చిన్నమ్మ పచ్చిపులుసు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇంటర్ దగ్గరే చదువు ఆగిపోయినవాడికి అంత ధీమా ఎక్కడిదని మీరు అడగవచ్చు. లైబ్రరీ ఇచ్చిన ధీమా అది. జిల్లా నుంచి వచ్చి ఖాజాగూడలో చిన్నాయన ఇంట్లో ఉంటూ, దగ్గర్లోని ఒక అద్దాల ఆఫీసులో వచ్చేపోయేవాళ్లకు విజిటర్ పాసులు రాసిచ్చే ఉద్యోగం చేసేవాణ్ని. సెలవు వచ్చిందంటే లైబ్రరీలో ఫ్యాను కింది బల్ల నాదే. తేనెటీగల పెంపకం, వంతెనల నిర్మాణం, మూలశంక నివారణ, ఏది దొరికితే అది చదివేవాణ్ని (నాకు మూలశంక లేదు, అయినా ముందుజాగ్రత్త మంచిదే కదా). తెలిసిన సంగతి ఇంటికొచ్చి ఎవరో ఒకరికి చెప్పకపోతే తిన్న అన్నం అరిగేది కాదు.

మా చిన్నాయన నాకు పూర్తిగా భిన్నం. ఆయనకు చాలా తెలుసు కానీ నోరు విప్పేవాడు కాదు. మిలటరీలో డ్రైవరుగా మంచుకొండల మీద బండ్లు నడిపి, రిటైరై వచ్చి, నానక్‌రామ్‌గూడలో ఒక టవర్ దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాడు. అంటే వేరేవాళ్ల కార్లు వచ్చినప్పుడల్లా గేటు ఎత్తించే పని. సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. "మనిషి ఇంట్ల ఉన్నట్టే లేదు" అని చిన్నమ్మ గిన్నెలతో చెప్పుకునేది. అటువంటి మనిషి ఒకరోజు హారన్ కొట్టుకుంటూ వచ్చి ఇంటి ముందు ఒక పాత మిలటరీ జీపు ఆపాడు. ఆయనలాగే సర్వీసు అయిపోయి, వేలంలో బయటికొచ్చిన బండి.

మిలటరీ బండిని మామూలు మనుషుల బండిగా మార్చడం అంత తేలిక కాదు. ఆ ఆకుపచ్చ రంగు ఉంచుకోకూడదట, వేరే రంగు వేయాలి. చిన్నమ్మ తలుపులకు కొన్న పసుపు రంగు మిగిలి ఉండటంతో అదే వేయించారు. యుద్ధభూమి చూసిన జీపు నలుగు పెట్టిన పెళ్లికొడుకులా తయారైంది. ఆ రోజు చిన్నాయన అన్నం సరిగా తినలేదు. ఇనుప చట్రాల్లాంటి సీట్ల మీద పాత బొంతలు మడిచి కుట్టించాం. లైట్ల స్విచ్చును ఒక వైపు తిప్పితే ముందర సన్నని వెలుతురు మాత్రమే వచ్చేది. శత్రువుకు కనబడకుండా ఉండటానికి అని నేను పుస్తకం చూసి వివరించాను. "ఇక్కడ శత్రువెవడ్రా, ట్రాఫిక్ పోలీసా?" అన్నాడు చిన్నాయన. చాలాకాలానికి ఆయన వేసిన జోకు అది. చిన్నమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

కానీ ఆమె జీపు రెండోసారి ఎక్కలేదు. చెరువు దాకా ఒకసారి వచ్చి, నడుం పట్టుకుని దిగి, తీర్పు చెప్పేసింది. "గిది బండా, రోలా? ఇగ అమ్మెయ్." చిన్నాయన మళ్లీ గోడ చూడటం మొదలుపెట్టాడు. చివరికి చిన్నమ్మే మనసు కరిగి ఒక అవకాశం ఇచ్చింది. నిజాంపేటలో కొత్త ఫ్లాట్లో దిగిన ఆమె చెల్లెలు మొదటిసారి భోజనానికి పిలిచి, "అక్కా, నీ చేతి పచ్చిపులుసు తేవాలె" అని అడిగింది. "పులుసు గిన్నె నా ఒళ్ల పెట్టుకుంట. నిజాంపేట దాక ఒక్క చుక్క ఒలకకుంటే బండి ఉంటది. ఒలికిందా, రేపే బేరం." చిన్నాయన సరేనన్నాడు. మంచుకొండ ఎక్కమన్నా అంత దిగులుగా సరేననేవాడు కాదేమో.

అప్పుడు నేను లైబ్రరీకి పరుగెత్తాను. మోటారు వాహనాల పుస్తకంలో జవాబు దొరికింది. ఈ జీపు స్ప్రింగులు బరువు మోయడానికి చేసినవి. ఖాళీగా పోతే ఎగిరెగిరి పడుతుంది, నిండా బరువుంటే మెత్తగా సాగుతుంది. "ఇసుక మూటలు వెయ్యాలె చిన్నాయనా!" అని ప్రకటించాను. చిన్నమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "కొత్త ఇంటికి ఇసుక పట్టుకపోతమా? వాళ్లది కట్టుడు అయిపోయిందిరా!"

మూటలు లేకుండానే బయలుదేరాం. ముందు సీట్లో చిన్నమ్మ, ఒళ్లో స్టీలు గిన్నె, దాని మీద పల్చని గుడ్డ. వెనక సీట్లో నేనూ నా సిద్ధాంతమూ. సందు దాటేలోపే గిన్నెలో ఉల్లిపాయ ముక్కలు ఈత మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే ఖాజాగూడ చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడ్డ జనం నా కంటబడ్డారు. డ్యూటీ దిగిన గార్డులు, హౌస్‌కీపింగ్ అక్కలు, బ్యాగులు తగిలించుకున్న ఆఫీసు పిల్లలు. ఇసుక కాకపోతే ఏం, బరువు బరువే కదా! "ఆపు చిన్నాయనా!" అని అరిచి, లేచి నిలబడి పిలిచాను. "గచ్చిబౌలి, కొత్తగూడ, జేఎన్‌టీయూ! పైసలొద్దు, ఎక్కండి!"

ఎవరూ కదల్లేదు. "పైసలొద్దంటే ఏదో ఉన్నట్టే" అన్నాడో గార్డు. చిన్నమ్మ గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగి, "ఎక్కయ్యా, పుణ్యముంటది, నా పులుసు ఒలుకుతది" అంది. పరీక్ష పెట్టిన ఆమే ఎందుకు సాయం చేస్తోందో నాకు అప్పుడు తట్టలేదు. కొంచెం లావుగా ఉన్న ఒక అక్కను ఇరుసు మీదికి వచ్చేలా కూర్చోమని బతిమాలాను. "ఏం తమ్మీ, నన్ను సిమెంటు బస్తా అనుకున్నవా?" అంటూనే ఆమె సర్దుకుంది. కోస్తా వైపు అమ్మాయి ఒకతె, "కొత్తగూడలో ఆపుతారాండీ? నేను బరువు లేనండీ, పర్లేదా?" అంది. "మీ బ్యాగు బరువుందండీ, రండి" అన్నాను. జీపు నిండింది. స్ప్రింగులు దిగాయి. నా పుస్తకం గెలిచింది. బండి పడవలా సాగింది.

అసలు విశేషం ముందు సీట్లో జరిగింది. "ఇది ఆర్మీ బండే కద సార్?" అని గార్డు అడగడమే ఆలస్యం, చిన్నాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మంచులో ఇంజిను గడ్డకడితే దుప్పట్లు కప్పి జోకొట్టిన కథ, లోయ అంచున చక్రం వేలాడుతుంటే వంటమనిషి వెనక పట్టుకుని వేలాడిన కథ. వెనక అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. సిగ్నల్ దగ్గర పక్క కారులో పిల్లవాడు చెయ్యి ఊపితే చిన్నాయన సెల్యూట్ కొట్టి, వాడికంటే గట్టిగా నవ్వాడు. చిన్నమ్మ గిన్నె వైపు చూడటం మానేసి ఆయన్నే చూస్తోంది. "గివన్నీ నాకెప్పుడు చెప్పలే" అంది మెల్లగా. "నువ్వెప్పుడు బండెక్కలే" అన్నాడాయన.

కానీ బరువు అన్నది దిగిపోయే స్వభావం కలది (ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు). గచ్చిబౌలిలో గార్డులు, కొత్తగూడలో అమ్మాయి, జేఎన్‌టీయూ దగ్గర సిమెంటు బస్తా అక్క, అందరూ దిగిపోయారు. నిజాంపేట రోడ్డేమో పైపుల కోసం తవ్వి ఉంది. చిన్నాయన మాటలు ఆగిపోయాయి. నేను ఇరుసు మీదికి జరిగి, స్టెప్నీ టైరును వాటేసుకుని, ఊపిరి బిగబట్టి బరువు పెరగడానికి ప్రయత్నించాను. అంతలో గుంత వచ్చింది. జీపు లేచింది, నేను లేచాను, కిందపడేసరికి "డబుక్కు"మని ఒక శబ్దం వినబడింది.

చిన్నాయన బండి ఆపేశాడు. పక్కకు తిరగలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, గొంతు తగ్గించి అడిగాడు. "ఒలికిందా?"

"ఏమొలుకుతది? ఒక్క చుక్క పోలే. సక్కగ నడుపు" అంది చిన్నమ్మ.

వాననీళ్లు పోవడానికి ఆ జీపు అడుగున ఒక రంధ్రం ఉండేది. ఆ రంధ్రంలోంచి చింతపండు రసం ధారగా నిజాంపేట రోడ్డు మీదికి కారుతోంది. చిన్నమ్మ చీర కుచ్చిళ్లు తడిసి ముద్దయ్యాయి. నేను సంగతి ప్రకటించడానికి నోరు తెరిచాను. అద్దంలో చిన్నమ్మ నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. నాకు తెలిసి కూడా ఎవరికీ చెప్పని మొదటి సంగతి అదే. ఆశ్చర్యం, ఆ రోజు అన్నం బాగానే అరిగింది. (చెల్లెలు గిన్నె చూసి, "గింతే తెచ్చినవా అక్కా?" అంది. "గంతే చేసిన" అంది చిన్నమ్మ.)

మర్నాడు జీపు కడగబోతే చిన్నాయన నన్ను దగ్గరికి రానివ్వలేదు. ముందు సీటు కింద వంగి, ఏదో తీసి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఉల్లిపాయ ముక్క. దాన్ని జేబులో వేసుకుని, ఈల వేస్తూ గుడ్డ పిండాడు.

ఏళ్లు గడిచాయి. ఖాజాగూడ రాళ్ల మధ్య టవర్లు లేచాయి. నాకూ ఒక మెత్తని కారు వచ్చింది, అందులో గుంతలు తెలియవు, మనుషులూ ఎక్కువ ఎక్కరు. ఆదివారాలు మాత్రం పసుపు జీపులోనే కూరగాయలకు పోతాం. ఒకప్పుడు టైరును వాటేసుకున్న ఆ బక్కవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు నేనొక్కణ్ని ఎక్కితే చాలు, స్ప్రింగులు వాటంతటవే దిగుతాయి. గుంత వచ్చినప్పుడల్లా చిన్నమ్మ, "ఆ దినం నిజాంపేట దాక ఒక్క చుక్క ఒలకలే, కావాలంటే వీణ్నడుగు" అంటుంది. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, "అవును, ఒక్క చుక్క కూడా" అంటాను. చిన్నాయన రోడ్డు వైపే చూస్తూ, పెదవి కొరుక్కుని, గేరు మారుస్తాడు.